శత్రువు యూనిఫాంలో రెండేళ్లు

నేను అమెరికన్ సైనికుడిని. కానీ కాలిఫోర్నియా ఎడారిలోని ట్రైనింగ్ క్యాంపులో దిగిన రోజే నా యూనిఫాం విప్పించి సోవియట్ పదాతి సైనికుడి బట్టలు వేయించారు. ఖాకీ చొక్కా. ఎర్ర నక్షత్రం టోపీ. పొడుగు బూట్లు, సాక్సుల బదులు పాదాలకు చుట్టుకునే గుడ్డలు. చేతిలో ఏకే-47, అందులో ఉత్తుత్తి తూటాలు. యుద్ధానికి వెళ్లబోయే మా దళాలకు శత్రువుగా నటించడం మా డ్యూటీ.

మా ఊరు అరోరాలో ఉన్న అమ్మ వీడియో కాల్‌లో చూసి హడలిపోయింది. "ఏంట్రా ఆ టోపీ? అసలు ఏ కంట్రీ ఆర్మీలో జాయిన్ అయ్యావ్?"

మా సార్జెంట్‌కు ఆ సామాను మీద గౌరవం. "మంచులో, బురదలో సోవియట్ సైనికులు ఇవి వేసుకుని నిజంగా పోరాడారు. వేషం అనుకోకండి" అనేవాడు. కాలిగుడ్డ తడిస్తే పొడి అంచు పాదానికి తగిలేలా తిప్పి చుట్టుకోవడం ఆయనే నేర్పాడు. ఏకేని చీకట్లో విప్పి బిగించడం కూడా.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఎండిన వాగు పక్కన మాటు వేశాం. ఎగువ కొండల మీద కుంభవృష్టి. మా దగ్గరా వాన మొదలైంది. చూస్తుండగానే ఎర్రనీళ్లు దూసుకొచ్చాయి. వాగు దాటుతున్న అవతలి దళం వాహనం బోల్తా పడింది. రేడియోలో ఒకటే అరుపు: "రియల్ వరల్డ్! రియల్ వరల్డ్!" అంటే నటన ఆపండి, నిజంగా దెబ్బ తగిలిందని.

నీళ్లలోకి దూకాం. ఒక సైనికుణ్ణి ఒడ్డుకు లాగాం. కాలు విరిగింది, స్పృహ లేదు. పిడుగులు పడుతుంటే హెలికాప్టర్ రాదు. రోడ్డు రెండు మైళ్ల దూరం. స్ట్రెచర్ కొట్టుకుపోయింది. వాళ్ల మెడిక్ అతని కాలు కదలకుండా కట్టు కట్టింది. సార్జెంట్ తన ఒంటిమీది సోవియట్ వానకోటు విప్పి నేల మీద పరిచాడు. పరిస్తే అది నలుచదరపు కాన్వాసు గుడ్డ.

"రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్లను దీంట్లోనే మోశారు. పట్టండి."

వాళ్ల మనుషులు ఇద్దరు, మేమిద్దరం. తలా ఒక మూల పట్టుకున్నాం. వేళ్లు బొబ్బలెక్కాయి. దించుదామని ఎవరూ అనలేదు. అంబులెన్స్‌కు అందించాం. అతను బతికాడు.

డ్యూటీ ముగించి అరోరా వచ్చాక గుడి దగ్గర ఒక అంకుల్ అడిగాడు. "అయితే బాబూ, మనోళ్ల మీదే ఫైట్ చేశావా?"

"అవునంకుల్. వాళ్లు యుద్ధంలో ఓడిపోకూడదని క్యాంపులో మేం ఓడించేవాళ్లం."

గర్వంగానే చెప్పాను. కానీ ఆ దారిలో జరిగింది ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. మోస్తుండగా ఆ కాలు విరిగిన సైనికుడికి స్పృహ వచ్చింది. వానలో మీదికి వంగి ఉన్న నన్ను, నా బట్టల్ని చూశాడు. రెండు చేతులూ పైకెత్తాడు, లొంగిపోతున్నట్టు.

గుడ్డ మూలను ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో అతని చేతిని అందుకుని, రోడ్డు వచ్చేదాకా వదల్లేదు.