మాక్రోలో మా ఆవిడ పేరు

ఇంటి సంగతులన్నీ రాసుకోవడానికి కంప్యూటర్లో నాకో సొంత వికీ ఉంది, లింకులున్న పేజీల నోటుపుస్తకం లాంటిది. గుఢియారీ పేటలో మిక్సీ బాగుచేసే దుకాణం దగ్గర్నుంచి గ్యాస్ పుస్తకం పెట్టిన చోటు దాకా అన్నీ అందులోనే. ఈ రోజు సెలవు కదా అని ఒక మాక్రో, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. ఏ మాటనైనా అందులో పెడితే చాలు, లింకుగా మారుతుంది. నొక్కితే ఆ మాట ఉన్న పేజీలన్నీ వెతికి తెస్తుంది. ‘మిక్సీ’ నొక్కాను, వచ్చింది. ‘గీజర్’ నొక్కాను, వచ్చింది. పొంగిపోయి మా ఆవిడ పార్వతిని పిలిచాను.

మడతపెడుతున్న చీర చేత్తో పట్టుకునే వచ్చి చూసింది.

“బస్, ఇంతేనా? ఈ ఫాల్తూ పనికేనేటి పొద్దున్నుంచీ కూకున్నారు? ఏదీ, నా పేరు పెట్టండి సూద్దాం.”

పెట్టాను. తనే నొక్కింది. తెర నిండిపోయింది.

ఇన్వర్టర్‌లో నీళ్లు ఎప్పుడు పోయాలి: పార్వతిని అడగాలి. టాటీబంధ్‌లో పార్సిల్ ఆఫీసు ఏ సందులో: పార్వతికి తెలుసు. మా అక్క పెళ్లిరోజు: పార్వతి గుర్తు చేస్తుంది.

చివరిదాకా చదివి, “మరి ఇన్నాళ్లూ ఇందులో మీరేటి రాసినట్టు?” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మాక్రో మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఆ లింకును మొదటి పేజీలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను. సాయంత్రం స్కూటర్ తాళం కనబడకపోతే మాత్రం ఏ లింకూ నొక్కలేదు. లోపలి గది వైపు తిరిగి “పార్వతీ!” అని ఒక్క కేక వేశాను, తాళం దొరికింది.

మీ ఇంట్లో ఈ మాక్రోని ఏమని పిలుస్తారు?