సిపాయిలంతా క్షేమం

గల్ఫ్‌లో, జుఫైర్‌లోని హోటల్ వంటింట్లో గంగాప్రసాద్ చేతుల్లోంచి పొద్దున్నించీ ప్లేట్లు జారి పగులుతూనే ఉన్నాయి. సింకు దగ్గర నిలబడతాడు, ఫోను తీస్తాడు, జేబులో పెడతాడు, మళ్లీ తీస్తాడు. కాలు ఒకచోట నిలవదు. ఎలా నిలుస్తుంది మరి! చెల్లెలు కళ మొగుడు ముత్యం కాపలా కాస్తున్న సైనిక స్థావరం మీద రాత్రి డ్రోన్లు పడ్డాయి. అది సముద్రానికి అవతల, వేరే దేశంలో. ముత్యం ఫోను మోగడం లేదు.

ముత్యం మొన్నటిదాకా ఇక్కడే మహూజ్‌లో అపార్టుమెంట్ల వాచ్‌మన్. పరాయి దేశపు సైన్యానికి మనుషుల్ని సప్లై చేసే కంపెనీ ఒకటి జీతం ఎక్కువని ఆశపెట్టి, మట్టిరంగు బట్టలు, బూట్లు, తుపాకీ ఇచ్చి అక్కడి గేటు దగ్గర నిలబెట్టింది. ఆ వేషంలో ఫోటో దిగి పంపాడో లేదో, మెట్‌పల్లి దగ్గర వాళ్ల ఊళ్లో కుర్రాళ్లు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టేశారు: 'దుబాయి మిలిట్రీల మన ముత్యమన్న!' ఆ సైన్యం ఎవరిదో ఒక్కడికైనా తెలిస్తే ఒట్టు. ముత్యం కూడా తెగ మురిసిపోయాడు, పిచ్చిమారాజు!

మధ్యాహ్నం టీవీలో వార్త వచ్చింది. దాడి జరిగింది గానీ సైనికులంతా క్షేమమట. గంగాప్రసాద్ చేతిలో గిన్నె అక్కడే పడేసి కళకు ఫోను చేశాడు.

"చెల్లె, టీవీల జెప్పిండ్రు! సిపాయిలకు ఏం గాలేదట. బావ మంచిగున్నడు."

"పోచమ్మ తల్లే కాపాడిందన్నా! ఇయ్యాల్నే బోనం తీస్త," అంది కళ, ఏడుస్తూనే నవ్వుతూ.

అయినా అతని మనసు కుదుటపడలేదు. క్షేమంగా ఉన్నవాడు ఫోనెందుకు ఎత్తడు? డ్యూటీ దిగీ దిగగానే, ముత్యాన్ని పంపిన కంపెనీకి ఈ ఊళ్లో ఉన్న ఆఫీసుకు పరుగెత్తాడు. అక్కడి గుమాస్తా మణికుమార్‌ది కాకినాడ వైపు. ముత్యం పేరు వినగానే లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీ బావ సైనికుడు కాదండి. కాంట్రాక్టు మనిషి."

"అవే బట్టలు, అదే తుపాకి గద సార్!"

"అందుకేనండి మనోళ్లని పెట్టుకునేది! సైనికుడు పోతే ఆళ్ల దేశంలో జెండా కప్పాలి, పేపర్లో ఫోటో ఎయ్యాలి, ఈ యుద్ధం ఎందుకని జనం నిలదీత్తారు. కాంట్రాక్టోడు పోతే ఎవడడుగుతాడండీ? ఇంకో మనిషిని పంపమని మాకు మెసేజ్ వత్తాది, అంతే."

"మరి... పంపుమన్నరా సార్?"

మణికుమార్ తల దించుకున్నాడు. "పొద్దున్నే వచ్చిందండి. ముత్యం గారి బదులని."

గంగాప్రసాద్‌కు ఒళ్లు భగ్గున మండింది. ఆ టీవీవాడి మీద, ఆ కంపెనీ మీద, అన్నిటికంటే ఎక్కువగా తొందరపడిన తన నోటి మీద. రోడ్డు మీదికొచ్చి, నిలబడలేక నడుస్తూనే ఫోను చేశాడు. అవతల ఆడవాళ్ల మాటలు, డప్పుల మోత.

"అన్నా! బోనమెత్తుకొని బయలెల్లినం. బావ ఫోన్ జేసిండా?"

"బోనం దించు కళా."

"ఎందుకన్నా? సిపాయిలందరు మంచిగున్నరంటివి గద!"

"సిపాయిలు మంచిగనే ఉన్నరు చెల్లె. బావ లేడు."