జేబులో పది గింజలు

చలి తగ్గుముఖం పట్టిందంటే చాలు, రికార్డు గుమాస్తా చొక్కా జేబు తడిగా ఉంటుంది. సీసాలో దాచిన నిరుటి చిక్కుడు గింజల్లోంచి పది లెక్కపెట్టి, తడి రుమాల్లో చుట్టి, వారంపాటు గుండెల మీద మోస్తాడు. ఒంటి వేడికి సగమైనా మొలకెత్తకపోతే ఆ సీసాలోని విత్తనాలన్నీ పక్కింటి కోళ్లపాలు. ఇందులో మొహమాటాల్లేవు.

మొన్న ఆఫీసరు పిలిచి బదిలీ అయిందనీ, నెలాఖరుకి క్వార్టర్సు ఖాళీ చెయ్యాలనీ చెప్పాడు. గుమాస్తా తల వంచుకుని రుమాలు తీశాడు. ఆఫీసరు మనసు కరిగిపోయింది.

"అయ్యో, ఊరుకోండి. ఈ వయసులో ఏడుస్తారా ఎవరైనా?"

"ఏడవట్లేదండీ. ఎనిమిది మొలిచాయి."

రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, కాగితం మీద సంతకం చేసి వచ్చేశాడు.

ఇంటికొచ్చి కత్తెరకి సాన పట్టాడు. గులాబీ మొక్కల్ని ఏటా కత్తిరించినట్టే మోకాలెత్తుకి కత్తిరించడం మొదలుపెట్టాడు. సామాను సర్దుతున్న భార్య చేతిలో గిన్నెతోనే గుమ్మంలోకి వచ్చింది.

"అవి పూసేనాటికి మనం ఇక్కడుండం కదండీ. ఎవరికోసం ఈ చాకిరీ?"

"వచ్చేవాడికి కత్తిరించడం వచ్చో రాదో," అన్నాడు తలెత్తకుండానే.

ఆవిడ గిన్నె కింద పెట్టి, ఎండుపుల్లలు ఏరడానికి వంగింది.

"ఆ చిక్కుళ్లయినా మనతో వస్తాయా?"

"నాలుగొస్తాయి," అన్నాడు. "నాలుగు ఇక్కడే ఉంటాయి."