చుట్టమైతే పక్కకు జరగాలె

ఇప్పుడంటే నిద్రల సుత సంతకం వెట్టేటంత పాతవడ్డ గని, ఆ దినాలల్ల కొత్త నౌకరితోని నా కాలు నేల మీద ఆనకపోయేది. నారాయణఖేడ్ మార్కెట్ యార్డుల కందులు కొనే కాడ తేమ చూసుడు నా పని. గుప్పెడు గింజలు మిషన్ల పోస్తే తేమ ఎంతున్నదో చెప్తది. ఎక్కువుంటే సంచులు వాపస్. ఇన్‌చార్జి సారు నన్నూ, నా పక్క కుర్చీల కండ్లద్దాలాయననూ నిలవెట్టి నియమాలు చెప్పిండు. అండ్ల నాకు బాగ నచ్చింది ఒక్కటే: "మీ చుట్టాల సరుకు మీరు చూడొద్దు. పక్కకు జరిగి రెండో ఆయనకియ్యుండ్రి."

నేనేమో నాగల్‌గిద్ద దిక్కు పుట్టినోణ్ణి. మా దిక్కు మనిషి మనిషికీ వరుస ఉంటది (నెత్తురు కలిసిందా అని ఎవ్వడడుగడు). మొదలు వచ్చినాయన "ఏం అల్లుడా, మంచిగున్నవా?" అన్నడు. లేచి పక్కకు జరిగిన. ఎనుకనే కాక వచ్చిండు, జరిగిన. ఆయన ఎనుక తాత, బావ, చిన్నాయన. పగటీలికి కండ్లద్దాలాయన చెమటలు కక్కుతుండు. "ఓ సత్యమంతుడా, నీకు చుట్టం గానోడు గీ తాలూకల ఎవడన్న ఉన్నడార?" అని మొత్తుకున్నడు. సారుకు నవ్వాల్నో తిట్టాల్నో తెల్వలే. "సొంత చుట్టాలేరా నాయినా! నీకు లాభమో నష్టమో ఉన్నకాడనే జరుగు" అని సమజు చేసి మళ్ల కూసుండవెట్టిండు.

గప్పుడే ఒక ట్రాక్టర్ లోపటికొచ్చింది. సంచుల మీద ఆ పిల్ల కూసోనున్నది. దినాం కల్హేర్ బస్సు కిటికి కాడ కనవడే పిల్ల. ఏనాడు మాట్లాడింది లేదు గని, నా కలలల్ల మాకు సంసారం గూడ నడుస్తుండె (ఇద్దరు పిల్లలు, ఒక బర్రె). సరుకు వాళ్ల నాయినది, ఆయన నాకు ఏ వరుస గాడు. నియమం లెక్కన నేనే చూడాలె. కందులు దోసిట్లకు తీస్కుంటే పచ్చిగ, సల్లగ తగిలినయ్. వాపస్ అంటే ఆ పిల్ల మళ్ల నా మొఖం చూస్తదా? సరే అంటే నా మొఖం నేనెట్ల చూస్కోవాలె? లేచి నిలవడ్డ.

"మళ్లేమాయెరా?" అన్నడు సారు.

"నేను చూడొద్దు సార్."

"చుట్టమా?"

"కాదు సార్."

"మరేందిర నీ తకలీఫ్?"

సంచుల మీదికి ఒక్కసారి చూసి తల దించుకున్న. అంతే, లైనంతటికీ సమజయ్యింది. ఎవడో ఎనుకకెల్లి "ఇంక కాలేదంట సార్, అయితడంట!" అని ఒర్రిండు. యార్డంత ఒక్కటే నవ్వుడు. ఆ పిల్ల చున్నీ మొఖానికి అడ్డం వెట్టుకున్నది. కండ్లద్దాలాయన గింజలు పోసి చూసి "తేమ ఎక్కువున్నది" అన్నడు. వాళ్ల నాయిన ట్రాక్టర్ తిప్పిచ్చి, పోయే ముంగట నా దిక్కు తిరిగి అన్నడు: "ఎండవెట్టి తెస్త. గప్పుడు సుత నువ్వు చూడకు."

తిట్టిండో మెచ్చుకున్నడో ఇయ్యాల్టికీ తెల్వది. ఆ పిల్లను బీదర్ దిక్కు ఇచ్చిండ్రు. నాకూ మంచి పెండ్లామే దొరికింది. కొత్తగ వచ్చినోళ్లకు ఇప్పుడు గా నియమం నేనే చెప్తున్న. "నీకిందుల ఏమున్నదిరా?" అని నన్ను ఈ లోకంల మొట్టమొదలు అడిగింది మా అమ్మ గాదు, దోస్తులు గాదు, గా నియమమే. చెవులెర్రగైనా గంతమంది ముంగట లేచి నిలవడ్డ గా పిచ్చి పోరణ్ణి తలుసుకుంటే ముద్దొస్తది. ఇన్నేండ్ల సంసారంల నా పెండ్లానికి సుత నేను మనసుల మాట గంత సాఫ్‌గ ఎన్నడూ చెప్పలే.