చెక్క మీద ఎడమ చెయ్యి

మా ఆయన పడవలు కట్టే మేస్త్రి. రాజోలు దిగువన, ఏటిగట్టు మీద మా పాక. తొంభైల్లో ఆ పాకలోంచి దిగిన పడవలన్నిటికీ బోల్టులు బిగించింది ఆయన కుడి చెయ్యే. చెక్కలు కొయ్యడానికి మనుషుల్ని పెట్టుకునేవారు గాని, బోల్టు మాత్రం ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒక్కోదాన్నీ కొబ్బరి నూనెలో ముంచి, నట్టు ముందు వేళ్ళతో తిప్పి, అది తిన్నగా ఎక్కిందనుకున్నాకే పానా పట్టేవారు. నూనె రాస్తే ఉప్పునీటికి తుప్పు పట్టదని ఆయన నమ్మకం. ఇంట్లో నూనె అంతా పాకలోకి పోతోందని నేను సణిగేదాన్ని.

"నీ పులుసు చెడితే మనిద్దరమే ఏడుస్తాం. పడవ మునిగితే ఊరు ఏడుస్తుందే," అనేవారు.

ఊళ్ళోకి సెల్ ఫోన్లు వచ్చిన కొత్తలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. అప్పటికి పాకలో ఒక పడవ సగంలో ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చేక చెయ్యి బాగవుతుందా అని ఆయన ఎవర్నీ అడగలేదు. "ఆ పడవకి బోల్టులు నేనే బిగించాలే," అన్నారు. అదొక్కటే అడిగేరు.

ఆయన దగ్గరే పని నేర్చుకున్న మా పెద్దాడు కాకినాడ వెళ్ళి ఒక మిషను తెచ్చేడు. వైరు ఉండదు, బ్యాటరీతో నడుస్తుంది. నట్టు గట్టిపడేసరికి టకటకా కొట్టుకుంటూ బిగిస్తుంది.

"పానాకి తిండి పెట్టక్కర్లేదు. దీనికి రోజూ కరెంటు పెట్టాలా?" అన్నాను.

"పడవ తొందరగా అయితే నాన్నగారు కళ్ళారా చూసుకుంటారనమ్మా," అన్నాడు. ఆ రాత్రి నుంచి దాన్ని ఛార్జింగు పెట్టడం నా పనయింది.

మొదటి బోల్టుని వాడు తండ్రిలాగే నూనెలో ముంచేడు. మిషను నొక్కేడు. నట్టు జర్రున పోయి, వాషరు పనసతొనలోకి దిగినట్టు చెక్కలోకి దిగిపోయింది. చెక్క చిట్లింది.

ఆయన కుర్చీలోంచి అడిగేరు. "నూనె రాసేవా?"

"ఆయ్, మీరు రాసినట్టేనండి."

"చేత్తో బిగిస్తే ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తాదిరా. దానికేం తెలుసు? నూనెకి నట్టు జారి పోతానే ఉంటాది. మరలు తుడిచెయ్. బిగించేక పైన రాసుకో."

చిట్లిన చెక్క తీసి కొత్తది వేసేరు. మర్నాటి నుంచి ఆయన కుర్చీ పడవకి ఆనించి వేయించుకున్నారు. బోల్టు పక్కన చెక్క మీద ఎడమ అరచెయ్యి ఆనించేవారు. వాడు నట్టు వేళ్ళతో ఎక్కించి, మిషను పెట్టి నొక్కేవాడు. దెబ్బలు చెక్కలోంచి ఆయన చేతికి తెలిసేవి. చెయ్యి ఎత్తగానే వాడు ఆపేసేవాడు. మిగిలిన కాస్త బిగువూ పానాతో. ఒక పక్కంతా అలాగే అయింది. ఒక్క వాషరూ లోపలికి దిగలేదు. ఆ రోజుల్లో ఆయన అన్నం మళ్ళీ అడిగి వేయించుకునేవారు.

రెండో పక్క మొదలెట్టిన రోజు, "ఇలా ఇయ్యిరా," అని ఎడమ చెయ్యి చాపేరు.

వాడు నా వంక చూసేడు. "ఇవ్వరా. ఆయన పడవ," అన్నాను.

ఎడమ చేత్తో మిషను ఎత్తి నట్టు మీద పెట్టి నొక్కేరు. దెబ్బలు మొదలయ్యేసరికి మణికట్టు నిలవలేదు. మిషను పక్కకి జారి చెక్కని గీరేసింది. మళ్ళీ పెట్టేరు. ఈసారి భుజం దాకా వణికింది. పడిపోయిన కుడి చేతిని తెచ్చి మిషను మీద ఆనించుకున్నారు. అది జారి ఒళ్ళో పడింది.

మిషను ఒళ్ళో పెట్టేసుకున్నారు.

"ఛార్జి అయిపోయిందిరా," అన్నారు.

అప్పుడే ఛార్జింగు లోంచి తీసి తెచ్చింది నేనే.

"ఆయ్, అయిపోయిందండి," అన్నాడు వాడు.

ఆ తర్వాత ఆయన పాకలోకి రాలేదు. వాడు వచ్చి పిలిస్తే కళ్ళు మూసుకునేవారు. నిద్రపోతున్నారులే అని నేను చెప్పేదాన్ని. మిగిలిన బోల్టులు వాడే, తన చెయ్యే చెక్క మీద ఆనించుకుని బిగించేడు.

పడవ దించేరోజు దాని యజమాని కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసిన పంచెల చాపు పళ్ళెంలో పెట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చేడు. పడవ కట్టిన మేస్త్రికి కొత్త బట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ.

"పుచ్చుకోండి మేస్త్రి గారూ, మీ చేతి చలవ," అన్నాడు.

ఆయన ఎడమ చేత్తోనే పుచ్చుకున్నారు. తప్పని ఎవరూ అనలేదు. కొడుకుని దగ్గరికి రమ్మని, చాపు వాడి చేతుల్లో పెట్టేరు.

"ఇదేంటండి నాన్నగారూ, పడవ మీదండి."

"బిగించినోడిదిరా," అన్నారు.

పడవ నీళ్ళలోకి జారింది. అందరూ కేకలేసుకుంటూ దాని వెనకాల రేవులోకి పోయేరు. "లోపలికి తీసుకెళ్ళవే," అన్నారాయన. నేను రెక్క పట్టుకుని లేపేను.