రెండో సంచి మిరపకాయలు

ఆ డబ్బాల్లో సగం కారం తనదేనని రేణుక ఎవరికీ చెప్పలేదు.

మొయినాబాద్‌లో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక ఫామ్‌హౌస్‌లో ఆమె వంట చేస్తుంది. ఉండేది చేవెళ్లలో. పొద్దున్నే బస్సెక్కి పోవడం, చీకటి పడ్డాక బస్సెక్కి రావడం. పోయిన ఎండాకాలం ఫామ్‌హౌస్ యజమానురాలు స్వప్నిక ఏడాదికి సరిపడా కారం పట్టించమని ఒక సంచి మిరపకాయలిచ్చి కారులో చేవెళ్ల గిర్నీకి పంపింది. రేణుక కూడా అప్పటికే తన ఇంటి కోసం మిరపకాయలు కొని, తొడిమలు తీసి, కరకరలాడేలా ఎండబెట్టి పెట్టుకుంది. ఎండాకాలం గిర్నీలో వంతు దొరకడమే గగనం. రెండుసార్లు లైన్లో నిలబడడం ఎందుకని దారిలో ఇంటి దగ్గర తన సంచి కూడా ఎక్కించి తెచ్చి పక్కనే దించి, ఎల్లిపాయలు తెద్దామని ఎదురుగా ఉన్న దుకాణానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గిర్నీ అతను రెండు సంచులూ ఒకటే అనుకొని కలిపి పట్టేశాడు.

"ఏమాయె అక్కా, ఒకటే తీర్గ కాయలాయె, ఒకటే ఇంటివి అనుకున్న" అన్నాడు తుమ్ముకుంటూ.

డ్రైవరేమో మేడం ఫోన్ చేస్తోందని తొందర పెట్టాడు. పోనీలే, వేడి చల్లారాక ఫామ్‌హౌస్‌లోనే పంచుకొని తన వంతు తెచ్చుకుందామనుకుంది రేణుక. ఫామ్‌హౌస్ హాలులో చీరలు పరిచి కారం ఆరబోసింది. ఉప్పు కలిపింది, దంచిన ఎల్లిపాయ కలిపింది. అప్పుడొచ్చి చూసింది స్వప్నిక. ఆమె ముఖం వెలిగిపోయింది.

"వావ్! ఈసారి ఎంత వచ్చిందో చూడు అక్కా! అమ్మకు ఒక డబ్బా, అత్తయ్యకు ఒక డబ్బా, మనకైతే ఏడాదంతా ఫికర్ లేదు."

"మేడం, అండ్ల..." అంది రేణుక.

"అందులో ఏంటి? ఉప్పు తక్కువైందా?"

"లేదు మేడం. ఉప్పు సరిపోయింది."

అంతే. ఆ సాయంత్రం రెండు డబ్బాలు సిటీకి వెళ్లిపోయాయి, మిగతావి స్వప్నిక వంటింట్లోకి చేరాయి.

నోరు తెరిచి చెప్తే పోయేది కదా అని మీరనొచ్చు. కసురుకునే యజమాని ముందు ఎప్పుడో ఒకప్పుడు నోరు లేస్తుంది. స్వప్నిక కసురుకునే మనిషి కాదు. అక్కా అని పిలుస్తుంది, పండక్కి చీర పెడుతుంది, నువ్వు మా ఇంటి మనిషివే అంటుంది. ఇంటి మనిషి అన్నాక నా వంతు నాకు కావాలని ఏ నోటితో అడగాలి?

స్వప్నిక ఆ ఫామ్‌హౌస్‌లోనే ఉంటూ గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. ఇంటికొచ్చేసరికి ట్రాఫిక్‌లో ప్రాణం సగం పోయి ఉంటుంది. అలాంటి సాయంత్రాల కోసం రేణుక అక్కడి వంటింట్లో ఒక అర నింపి పెట్టింది. నువ్వుల పొడి, పల్లీల పొడి, ఎల్లిపాయ కారం, టమాట తొక్కు, ఎండబెట్టిన పుంటికూర, ఫ్రిజ్‌లో చింతపండు గుజ్జు, అల్లం ముద్ద. కుక్కర్లో అన్నం ఒక్కటి పెట్టుకుంటే చాలు. చింతపండు గుజ్జులో నీళ్లు పోసి, ఉల్లిగడ్డ పిసికి, నువ్వుల పొడి, చిటికెడు కారం వేస్తే పచ్చిపులుసు. పొయ్యి ముట్టించే పనే లేదు. స్వప్నిక ఆ అరను ఫోటో తీసి స్నేహితులకు పంపింది. మా ఇంట్లో వంట పావుగంటలో అయిపోతుందని రాసింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ ఏడాదంతా చేవెళ్లలో రేణుక వంటింటి అర ఖాళీ.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అత్త మైసమ్మ గడపలో కూర్చొని ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేదు. భర్త పరమేష్ ఆటో తోలుతాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. అలసిన చేతులతో అప్పటికప్పుడు ఏం చేయాలి? కోడిగుడ్డో, ఆలుగడ్డో, దాని మీద దుకాణం నుంచి తెచ్చిన ప్యాకెట్ కారం.

"రంగు మస్తుగున్నది" అనేది మైసమ్మ ముద్ద నోట్లో పెట్టుకొని. "గిది కూరల ఎందుకే పిల్లా, హోలీకి దాచిపెట్టు."

"తిను అత్తా, రేపు మంచిగ చేస్త."

"రేపు గుడ గీ ప్యాకెటే గదా. మేడం ఇంట్ల చేసినట్టు మనింట్ల చెయ్యరాదా?"

చేయరాక కాదు. అరలో సరుకు ఉంటే రేణుక కూడా పావుగంటలో ముగించేది. ఆదివారం చేసుకోవచ్చు కదా అంటారా? ఫామ్‌హౌస్‌కు చుట్టాలొచ్చేదే ఆదివారం. తర్వాతెప్పుడో చేసుకోవచ్చు కదా అంటారా? ఎండ పోయాక మిరపకాయ ఎండదు, బూజు పడుతుంది. ఆ నాలుగు ఎండలు తప్పితే మళ్లీ ఏడాది దాకా లేదు. ఆ ఎండల్లోనే అందరిళ్లలో తొక్కులు, అందరిళ్లలో కారాలు. అందరిళ్లకూ కావాల్సింది ఈ చేతులే.

ఈ ఎండాకాలం మాత్రం ముందు తన ఇంటి కారమే పట్టించుకోవాలని రేణుక గట్టిగా అనుకుంది. మిరపకాయలు కొని మిద్దె మీద ఆరబోసింది. రెండు రోజులు సెలవు కావాలని అడిగింది.

"తీసుకో అక్కా, దానికి అడగడమెందుకు?" అంది స్వప్నిక.

సెలవు మొదటి రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. స్వప్నిక అత్తగారి తోట నుంచి మామిడికాయలు దిగాయట. "ప్లీజ్ అక్కా, ఒక్కరోజు వచ్చి తొక్కు పెట్టేసి వెళ్లు. రేపటికి మెత్తబడిపోతాయి. నువ్వు తప్ప నాకెవరున్నారు చెప్పు?"

కాయ ఆగదన్న మాట నిజమే. అది రేణుకకూ తెలుసు. కొంగు దోపుకొని బయలుదేరింది.

"మామిడికాయకున్న తొందర మన మిరపకాయకు లేదాయె" అంది మైసమ్మ.

"ఎండ మంచిగ కాస్తున్నది అత్తా. పొద్దుమీకి వచ్చి తీస్త."

మధ్యాహ్నం దాటేసరికి చేవెళ్ల దిక్కు నల్లబడింది. రేణుక కిటికీలోంచి ఆకాశం చూస్తూ మామిడి ముక్కలకు ఆవపిండి పట్టిస్తోంది. మోచేతుల దాకా నూనె, కారం. గట్టు మీద ఫోన్ మోగింది. మణికట్టుతో నొక్కి స్పీకర్ పెట్టింది.

"మబ్బు దిగింది బిడ్డా" మైసమ్మ గొంతు. "మెట్ల కాడికి వచ్చిన. కాలు లేస్తలేదు."

"నువ్వు ఎక్కకు అత్తా, పడ్తవ్! పక్కింటి శాంతమ్మను పిలువు."

"పూలు తెంప పోయింది. వాడకట్టుల ఒక్కరు లేరు."

"ఆయన?"

"శంకర్‌పల్లి దిక్కు కిరాయి పోయిండట."

పక్కింటి రేకుల మీద ఒక్కో చినుకు పడుతున్న చప్పుడు ఫోన్లోంచి వినిపించింది. తర్వాత అన్నీ కలిసిపోయి ఒకటే మోత. మిద్దె కింద అత్త, మొయినాబాద్‌లో కోడలు, ఇద్దరూ ఆ మోత వింటూ నిలబడ్డారు. పోదామన్నా బస్సు దొరికి ఇల్లు చేరేసరికి అయ్యేదంతా అయిపోతుంది. రేణుక మళ్లీ జాడీలో చెయ్యి పెట్టింది. ఇంకేం చేయాలో ఆమెకు తోచలేదు.

సంగతి విని స్వప్నిక నిజంగానే బాధపడింది. "అయ్యో, మిరపకాయలు ఆరేశానని చెప్పొచ్చు కదా అక్కా! పోనీలే, పోయినేటి కారం ఇంకో డబ్బా ఉంది, తీసుకెళ్లు. నాదైతే ఒకటి, నీదైతే ఒకటా?"

రేణుక డబ్బా వైపు చూసింది. పోయినేడు తను మూత బిగించిన డబ్బానే. కొంగులో పెట్టుకొని బస్సెక్కింది.

ఇంటికొచ్చి మిద్దె ఎక్కితే నీళ్లలో ఉబ్బి తేలుతున్న మిరపకాయలు. గంపకెత్తి కిందికి తెచ్చింది. మళ్లీ ఎండ వచ్చేదాకా ఇవి ఆగుతాయన్న ఆశ ఆమెకు లేదు. ఆ రాత్రికి పచ్చిపులుసు చేసి, డబ్బాలోంచి కారం వేసింది. మైసమ్మ ఒక ముద్ద తిని ఆగిపోయింది. చాలా రోజులకు దొరికిన రుచి. వేలు నాకి కోడలి ముఖం చూసింది.

"ఇది నీ చేతి కారమే. యాడిది?"

"మేడం ఇచ్చింది."

"మంచి మనసే పాపం" అంది మైసమ్మ. "ఎవలిస్తరు గిట్ల?"

రేణుక అప్పుడూ చెప్పలేదు. అత్తకు ఇంకో గంటె అన్నం పెట్టింది.

ఈ కథ చదువుతున్న మీ వంటింట్లోనూ ఇలాంటి ఒక అర ఉండొచ్చు. దాన్ని నింపే చేతులూ ఉండొచ్చు. ఈ ఎండాకాలం మీ మామిడికాయలు తెంపించే ముందు, మీ మిరపకాయలు కొనే ముందు, ఆ మనిషిని ఒక్క మాట అడగండి: మీ ఇంట్లో పని అయిందా? కాలేదంటే ముందు ఆమెకు సెలవివ్వండి, జీతం కోయకుండా. ఇచ్చిన సెలవును ఫోన్ చేసి వెనక్కి లాక్కోకండి. మీ కాయలు మెత్తబడితే పడనివ్వండి, బజారులో మళ్లీ దొరుకుతాయి. ఆమె ఎండలు దొరకవు. అడిగినప్పుడు ఆమె "ఏం లేదు మేడం" అంటే అక్కడితో వదిలేయకండి. రెండోసారి అడగండి.