బావ, బావమరిది, ఊడిరాని పుల్లీ

పొద్దున డాబా మీద నెత్తళ్ల చేపలు ఎండబోసి పైన వల కప్పాను. అది ఎగిరిపోకుండా మూడు మూలలా రాళ్లు పెడతాను, నాలుగో మూలకి మాత్రం ఒక ఇనప పుల్లీ. ఎత్తబోతే నడుం కలుక్కుమంది. ఈ పాడు పుల్లీ ఇంకా మొండితనం మానలేదనుకుని నవ్వొచ్చింది. కింద పళ్లు తోముకుంటున్న మా ఆయన "ఏటే, ఒక్కదానివీ నవ్వుతన్నావు?" అన్నాడు. "మీరిద్దరూ గుర్తొచ్చారు" అన్నాను. ఇద్దరంటే ఎవరని ఆయన అడగలేదు. మా ఇంట్లో ఇద్దరంటే ఆయనా, మా తమ్ముడూ.

వాళ్లిద్దరూ పొత్తులో ఒక చేపల బండి కొన్నారు, చిన్న లారీ. కళింగపట్నం ఒడ్డుకి పడవలు రాగానే చేపలు బేరమాడి కొనడం తమ్ముడి పని, ఐసు దట్టించి విజయనగరం మార్కెట్టుకి తోలుకుపోవడం మా ఆయన పని. బండి బాగానే నడిచింది, చెడింది వీళ్లిద్దరికే. కారణం చెబితే నవ్వుతారు. బండికి కొత్త రంగు వేయించినప్పుడు మా ఆయన ముందు అద్దం పైన మా అమ్మాయి పేరు పువ్వులూ లతలతో సహా రాయించి, తమ్ముడి కొడుకు పేరు వెనక తలుపు మీద రాయించాడు. "మావోడి పేరు తీసుకెళ్లి పొగలో ఎట్టేడు బావ" అని తమ్ముడు అలిగాడు. సర్ది చెప్పొచ్చు కదా, ఈయన "అందరికీ ముందే కావాలంటే అద్దం ఏ మూలకి సరిపోద్ది?" అన్నాడు. అంతే, మాటలు బంద్. పక్కపక్క ఇళ్లు, సాయంత్రమైతే ఒకే అరుగు, అయినా మాట మాత్రం నా మీదుగానే వెళ్లాలి. ఆ రోజుల్లో నేను మోసిన మాటలన్ని చేపలు ఆ బండి కూడా మోసి ఉండదు.

చివరికి బండి అమ్మేద్దామన్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అమ్మితే తమ్ముడు గుజరాత్ వెళ్లి అక్కడి బోట్లు ఎక్కుతానన్నాడు. మా వైపు మగాళ్లు వెళుతూనే ఉంటారు, కొత్తేం కాదు. కానీ వీడు నా చంకలో పెరిగిన తమ్ముడు. నెలల తరబడి వాడు నడిసముద్రంలో, నేనిక్కడ ఫోను పట్టుకుని కూర్చోవడం తలచుకుంటేనే నాకు ముద్ద దిగేది కాదు. బండి చూడ్డానికి విజయనగరం నుంచి ఒకాయన సాయంత్రం వస్తానన్నాడు. బండేమో స్టార్టు చేస్తే చాలు, డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే గలగల. ఇంజను లోపలి టైమింగ్ చైను సాగిపోయిందట. ఆ చప్పుడు వింటే ఏ బేరగాడూ ఆగడు. చూద్దామంటే మా మెకానిక్ అత్తారి ఊరు పెళ్లికెళ్లాడు. మా ఆయన కుర్రతనంలో లారీ షెడ్డులో పనిచేసినవాడే, కొత్త చైను ముందే తెచ్చి ఉంచాడు, "నానే మార్సేస్తాను" అని తెల్లారగానే లుంగీ ఎగ్గట్టాడు. నేను మాత్రం ఆ గలగల పోకూడదని లోపల్లోపల మొక్కుకున్నాను.

చైను మార్చడం కంటే దాని దాకా వెళ్లడమే పెద్ద పనట. రేడియేటరు విప్పి పక్కన పెట్టారు. చైను మీద ఒక మూత, ఆ మూతకి అడ్డంగా ఈ బ్యాలెన్సర్ పుల్లీ. ఇంజను అదరకుండా చూసే బరువు చక్రం అది. ఉప్పుగాలికి తుప్పుపట్టి అక్కడే అతుక్కుపోయింది. డీజిలు పోశారు. వేడినీళ్లు పోశారు, అవీ నేను కాచినవే. కొక్కేలతో పట్టి లాగే పుల్లర్ తగిలించి మధ్య బోల్టు బిగిస్తుంటే పుల్లీ రావడం పోయి ఇంజనే తిరుగుతోంది. అది తిరక్కుండా ఒకరు ఇనప బారు అడ్డం పెట్టి పట్టుకోవాలి, ఇంకొకరు బిగించాలి. అంటే ఇద్దరు కావాలి. మా ఇంట్లో అయితే ముగ్గురు కావాలి.

"మీ తమ్ముడికి సెప్పు, బారు గట్టిగా పట్టుకోమని."

"మీ ఆయనికి సెప్పక్కా, బారు బాగానే ఉన్నాది, ఆ కొక్కెమే వొంకరగా ఎక్కింది."

మోచేతికి మోచెయ్యి తగులుతోంది ఇద్దరికీ. మధ్యలో నేను అటూ ఇటూ తిరిగి అదే మాట మళ్లీ చెప్పాలి. లోపల పొయ్యి మీద చేపల పులుసు పొంగుతోంది. నాకు ఒళ్లు మండింది. "మీ నోళ్లేటి సంతలో అమ్మేసుకున్నారా? ఇంక నాను సెప్పను, పొండి" అని వంటింట్లోకి వచ్చేశాను.

గరిటె తీసుకుని పులుసు కలుపుతున్నాను. ఉన్నట్టుండి "బావా! సెయ్యి తియ్యి!" అని తమ్ముడి కేక. గరిటెతో సహా పరిగెత్తాను. వంకరగా ఎక్కిన కొక్కెం జారి, మా ఆయన చెయ్యి అంతవరకూ ఉన్నచోట దభీమని తగిలి రేకు సొట్టపోయింది. ఆ కేక నా మీదుగా వెళ్లాల్సి ఉంటే మా ఆయనకి వేళ్లు మిగిలేవి కావు.

"దెబ్బేటన్నా తగిలిందా బావా?" అన్నాడు తమ్ముడు. "లేదురా" అన్నాడు ఈయన. ఆ సొట్ట తడిమి, "కొక్కెం వొంకరగా ఉన్నాదని నువ్వు సెప్తానే ఉన్నావు, నానే ఇన్నేను కాదు" అన్నాడు. గుమ్మంలో నిలబడి ఏడ్చేశాను. ఎవరూ అడక్కపోయినా ఉల్లిపాయలు తరిగానని చెప్పాను.

ఆ తర్వాత కొక్కేలు సరిగ్గా తగిలించి, పడవని ఇసకలోంచి లాగేటప్పుడు పెట్టే కేక ఇద్దరూ ఒక్కసారే పెట్టారు. పుల్లీ టప్పున ఊడింది, దానితోపాటు వాళ్లూ వెల్లకిలా పడ్డారు. పడినవాళ్లు లేవకుండా అక్కడే నవ్వడం మొదలుపెట్టారు. పుల్లీలో రబ్బరు చిరిగిపోయిందని తమ్ముడు బైకు మీద శ్రీకాకుళం వెళ్లి కొత్తది తెచ్చాడు. చైను ఎక్కిస్తూ, పళ్ల చక్రాల మీది గుర్తులు చూస్తూ "సుక్కకి సుక్క కలిసిందా బావా?" అని వీడు, "కలిసింది గానీ నువ్వూ ఓసారి సూడు" అని ఆయన. బండి స్టార్టు చేస్తే గలగల పోయింది. దాని మాటున ఇన్నాళ్లూ వినపడని సముద్రం హోరు మళ్లీ వినపడింది. నా మొక్కు ఫలించలేదు గానీ దేవుణ్ణి ఏమీ అనలేకపోయాను.

సాయంత్రం బేరగాడు వచ్చి, ఇంజను విని, తల ఊపి, "రేటు ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు. తమ్ముడు "మా బావని అడగండి" అన్నాడు. మా ఆయన "మా బావమరిదిని అడగండి" అన్నాడు. బేరగాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నావైపు తిరిగాడు. నాకు అలవాటైన పనే కదా. "అమ్మరటండీ" అన్నాను. అలా చెప్పమని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. కాదనీ అనలేదు. పాపం, ఆ వచ్చినాయన కాస్త మాడిన పులుసుతో అన్నం తిని వెళ్లాడు.

తర్వాత అద్దం పైన రెండు పేర్లూ పక్కపక్కనే రాయించారు. ఎవరిది ముందన్న తగువు మళ్లీ వచ్చింది, ఈసారి నాకు పని పెట్టకుండా నేరుగానే తిట్టుకున్నారు. ఆ బండి ఇంకా తమ్ముడి వాకిట్లోనే ఉంది, పొద్దున్నే చేపలకి వెళుతోంది. ఇందాక డాబా మీంచి వంగి చూశాను. ఉప్పుగాలికి రెండు పేర్లూ వెలిసిపోయాయి. ఏది ముందుండేదో కాలం చెరిపేసింది, మేమూ మళ్లీ రాయించలేదు.